నిండిన జీను, ఖాళీ జీను: వ్రూబెల్ ‘రౌతు’ చిత్రంపై ఒక పరిశీలన

మాస్కోలోని త్రెత్యకోవ్ చిత్రశాల సేకరణలో కాగితంపై నల్లని నీటిరంగుతో, అక్కడక్కడ తెల్లరంగు పూతతో వేసిన చిత్రం ఒకటి ఉంది. అందులో వేగంగా పరుగెత్తుతున్న గుర్రం, దాని మెడపైకి వాలిన రౌతు కనిపిస్తారు. రష్యన్ చిత్రకారుడు మిఖయిల్ వ్రూబెల్ దీనిని 1890–91 ప్రాంతంలో వేశాడు. కవి లెర్మంతోవ్ రచించిన ‘డేమన్’ కావ్యానికి ఆయన సమకూర్చిన చిత్రమాలికలో ఇది ఒకటి. కళాచరిత్ర గ్రంథాల్లో దీనిని సాధారణంగా ‘రౌతు’ అనే పేరుతో ప్రస్తావిస్తారు. కావ్యం తెలియనివారికి ఇది కేవలం వేగాన్ని చూపే చిత్రం. కావ్యం తెలిసినవారికి మాత్రం జీనుపై ఉన్నది ప్రాణం పోయిన, లేదా పోతున్న మనిషి అని వెంటనే స్ఫురిస్తుంది. ఆ గుర్రం నడిపేవాడు లేకుండానే పరుగెత్తుతోంది.

బౌద్ధ అధ్యయన పత్రికలో ఈ చిత్రాన్ని చర్చకు తీసుకోవడానికి కారణం ముందుగా చెప్పాలి. వ్రూబెల్ బౌద్ధశిల్పాన్ని అనుసరించాడని గాని, లెర్మంతోవ్ బుద్ధచరితను మనసులో పెట్టుకొని రాశాడని గాని ఇక్కడ వాదించడం లేదు. అటువంటి సంబంధాన్ని ఊహించవలసిన అవసరమూ లేదు. మన శిల్పసంప్రదాయంలో మరో గుర్రం ఉంది. అర్ధరాత్రి కపిలవస్తు నగరద్వారం దాటిన కంథకం అది. సాంచిలో ఆ గుర్రాన్ని జీనుపై ఎవరూ లేకుండా చెక్కారు. అయినా దానిని నడిపేవాడు ఉన్నాడని చూసే ప్రతివాడికీ తెలుసు. వ్రూబెల్ చిత్రంలో జీనుపై మనిషి ఉన్నాడు, నడిపేవాడు లేడు. ఈ రెంటినీ పక్కపక్కన ఉంచి చూస్తే, రూపం లేకపోవడానికీ వ్యక్తి లేకపోవడానికీ ఉన్న తేడా స్పష్టపడుతుంది. మనం ఎంతోకాలంగా చూస్తూ వస్తున్న శిల్పాలను మళ్లీ శ్రద్ధగా చూడడానికి ఆ తేడా పనికివస్తుందన్నదే ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

కావ్యం, ముద్రణ, చిత్రకారుడు

‘డేమన్’ కావ్యాన్ని లెర్మంతోవ్ 1829లో ఆరంభించి, మరో పదేళ్లపాటు పలుమార్లు తిరగరాశాడు. కథాస్థలం కాకసస్ పర్వతసీమ, జార్జియా దేశం. స్వర్గం నుండి బహిష్కృతుడైన ఒక ఆత్మ గుదాల్ అనే ప్రభువు కుమార్తె తమారాను చూసి మోహిస్తాడు. ఆనాడే ఆమె పెళ్లి. వరుడు సినోదాల్ ప్రభువు కానుకలు నింపిన ఒంటెల బిడారుతో వధువు ఇంటికి ప్రయాణమై వస్తుంటాడు. దారిలో ఒక ప్రార్థనామందిరం ఉంది. అక్కడ ఆగి ప్రార్థించి సాగడం ఆ దారిన పోయేవారి ఆచారం. ఆ ప్రార్థన శత్రువు కత్తి నుండి కాపాడుతుందని వారి నమ్మకం. బహిష్కృతాత్మ వరుని మనసులో వధువును గూర్చిన ఊహలు రేపుతాడు. వరుడు ఆచారం మరచి ముందుకు సాగుతాడు. కొద్దిసేపటికే దోపిడిగాళ్లు విరుచుకుపడతారు. గుర్రం యజమానిని పోరునుండి తప్పించి బాణంలా దూసుకుపోతుంది కాని, చీకటిలో వెంట వచ్చిన తూటా అతనిని అందుకుంటుంది.

వ్రూబెల్ చిత్రించినది ఆ తరువాతి పరుగును. కావ్యంలో ఆ గుర్రం కాసేపు ఉరుకుతుంది, ఉన్నట్టుండి నిలిచి గాలిని ఆలకిస్తుంది, మళ్లీ డెక్కలు నేలకు కొట్టి ముందుకు దూకుతుంది. రౌతు పలకడు. తల జూలుమీద వాలి ఉంటుంది, కాళ్లు రికాబుల్లో ఇరుక్కొని ఉంటాయి, కళ్లెం అతని వశంలో లేదు. ఏ క్షణాన ప్రాణం పోయిందో కవి విడమరచి చెప్పడు. చివరకు గుర్రం గుదాల్ కోట వాకిట రాళ్లపై కూలుతుంది. వరుడు మాట తప్పలేదని, పెళ్లివిందుకు వచ్చి చేరాడని కవి చేదుగా వ్యాఖ్యానిస్తాడు.

1891 లెర్మంతోవ్ మరణానికి యాభయ్యవ ఏడు. ఆ సందర్భంగా మాస్కోలో కుష్నెరెవ్ ముద్రణాలయం ఆయన రచనలను రెండు సంపుటాల సచిత్ర ప్రచురణగా తెచ్చింది. రేపిన్, సూరికోవ్, వాస్నెత్సోవ్, ఐవజోవ్‌స్కీ, షిష్కిన్ వంటి లబ్ధప్రతిష్ఠులు అందులో పాల్గొన్నారు. వారి నడుమ వ్రూబెల్ దాదాపు అనామకుడు. పుస్తకం వెలువడిన తరువాత అందరికంటె ఎక్కువ నింద పడినది ఆయన చిత్రాలకే. అవి మోటుగా ఉన్నాయని, వికారంగా ఉన్నాయని, అర్థం కావడం లేదని విమర్శకులు అన్నారు. ఈనాడు ఆ సంపుటాలను కళాచరిత్ర గుర్తుపెట్టుకున్నది ప్రధానంగా వ్రూబెల్ చిత్రాల కోసమే.

వ్రూబెల్ 1856లో ఓమ్‌స్క్ నగరంలో జన్మించాడు. పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పూర్తిచేసి, ఆ తరువాత కళా అకాడమీలో చేరాడు. అక్కడ పావెల్ చిస్త్యకోవ్ ఆయనకు గురువు. 1884లో అద్రియాన్ ప్రాఖొవ్ పిలుపుపై కీవ్ వెళ్లి, 12వ శతాబ్ది నాటి సెయింట్ సిరిల్ దేవాలయపు కుడ్యచిత్రాల పునరుద్ధరణలో పనిచేశాడు. అదే దేవాలయానికి దేవతాపటాలు వేయడానికి ముందు వెనిస్ వెళ్లి, అక్కడి ప్రాచీన మొజాయిక్‌లను పరిశీలించాడు. వారసత్వ పరిరక్షణలో ఉన్నవారు గమనించవలసిన సంగతి ఇది. వ్రూబెల్ చేయి ఆధునిక చిత్రశాలలో కంటె ముందు శిథిలమైన గోడలపై తయారయింది. చెదిరిన ప్రాచీన రేఖను మళ్లీ పట్టుకోవడం, ముక్కలనుండి ఆకృతిని ఊహించడం ఆయనకు అక్కడే అలవడ్డాయి.

ముక్కలతో కట్టిన పరుగు

పుస్తకంలో అచ్చుకు ఇచ్చే చిత్రం కనుక ఇందులో వర్ణవైభవానికి తావు లేదు. కావ్యంలోని గుర్రం కరబాఖ్ జాతిది, బంగారు వన్నెది. వ్రూబెల్ చేతిలో ఉన్నది నలుపు, నీటితో పలుచబడిన నలుపు, కొంత తెలుపు. కావ్యంలో జీనుగుడ్డపై నెత్తురు ధారలుగా కనిపిస్తుంది. ఇక్కడ ఎరుపు లేదు కనుక నెత్తురు మరకా, జీనుగుడ్డ మీది అల్లికా ఒకే నలుపులోకి వస్తాయి. దానివల్ల మరణాన్ని చెప్పడానికి అందరికీ సులభంగా తెలిసే గుర్తు చిత్రకారునికి లేకుండా పోయింది. మిగిలినది శరీరం వాలిన తీరు ఒక్కటే. ఈ లోటే చిత్రానికి మేలు చేసింది. నెత్తురు కళ్లబడితే చూపు వెంటనే ‘ఇతడు చనిపోయాడు’ అని తేల్చుకొని మరో పుటకు సాగిపోతుంది. నెత్తురు లేనందువల్ల చూపు నిలబడి, ఆ వాలులో బతికినవాడి ఆయాసం ఉందా, చచ్చినవాడి బరువు ఉందా అని వెదకవలసి వస్తుంది.

రెండవ విశేషం కుంచెగీత. చిస్త్యకోవ్ శిక్షణలో ఆకృతి అంటే బయటిగీత కాదు, ఒకదానితో ఒకటి కలిసే పలకల కూర్పు. దానికి వెనిస్ మొజాయిక్‌లలోని రాతితునకల పద్ధతి తోడయింది. వ్రూబెల్ ఆకృతులు చిన్న చిన్న కోణాల ముక్కలుగా విడిపోయి, మళ్లీ కలుస్తాయి. ఈ చిత్రంలో గుర్రం దేహం, రౌతు దుస్తులు, జీనుగుడ్డ, కింది నేల అన్నీ ఒకే జాతి ముక్కలతో అల్లినవి. జీవమున్న దానికి ఒక రకం గీత, జీవం లేని దానికి మరో రకం గీత అనే భేదం ఆయన పాటించలేదు. గుర్రానికీ నేలకూ మధ్య, రౌతుకూ గుర్రానికీ మధ్య హద్దు ఎక్కడుందో చూసేవాడే తేల్చుకోవాలి.

మూడవది వేగం. గుర్రపు పరుగును చిత్రంలో ఎలా నిలపాలన్నది ఆ కాలంలో పెద్ద చర్చే. 1878లో మైబ్రిడ్జ్ తీసిన వరుస ఛాయాచిత్రాలు, నాలుగు కాళ్లూ ముందుకూ వెనుకకూ చాచి గాలిలో తేలే పాత చిత్రణపద్ధతి వాస్తవం కాదని నిరూపించాయి. వ్రూబెల్ ఈ సమస్యను కాళ్ల అమరికకే వదలలేదు. ముక్కలు ఒకే దిశకు ఒరగడంలో, వెలుగు ఒకచోట ఆగక తునకనుండి తునకకు జారడంలో పరుగు ఉంది. గుర్రం కదులుతున్నట్లు తోచడానికి ప్రధాన కారణం మన చూపు నిలకడగా ఉండలేకపోవడమే.

ఇక్కడ నిష్పక్షపాతంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఆనాటి విమర్శకుల అసంతృప్తి పూర్తిగా అజ్ఞానం కాదు. పుస్తకంలోని చిత్రానికి ఒక బాధ్యత ఉంటుంది. పాఠకుడు పుట తిప్పినపుడు అది కథను స్పష్టం చేయాలి. ఆ కొలతతో చూస్తే ఇది విఫలమైన చిత్రమే. కావ్యం చదవనివాడు రౌతు మరణాన్ని గుర్తించకపోవచ్చు. అల్లిక మీది మోజు కొన్నిచోట్ల ఆకృతిని మింగేస్తుంది కూడా. వ్రూబెల్‌ను ఆకాశానికెత్తే రచనలు ఈ లోపాన్ని ప్రస్తావించకుండా దాటవేస్తాయి. నా అంచనాలో లోపం ఉన్నది నిజమే, అయితే చిత్రపు బలమూ ఆ చోటే ఉంది. వెంటనే అర్థం కాకపోవడం వల్లనే చూసేవాడు మొదట వేగాన్ని చూస్తాడు, తరువాత మరణాన్ని కనుగొంటాడు. ఆ క్రమమే చిత్రం చెప్పదలచిన విషయం.

‘ప్రమాదం’ అనే మాట

బౌద్ధపాఠకునికి ఈ కథలో ఒక పాఠం తేలికగా దొరుకుతుంది. పాళిలో ‘పమాద’ అంటే ఏమరుపాటు, ‘అప్పమాద’ అంటే ఏమరుపాటు లేని జాగృతి. ధమ్మపదంలో ఒక వర్గం మొత్తం ఈ విషయానికే కేటాయించబడింది. తెలుగులో ‘ప్రమాదం’ అనే మాటకు వాడుకలో ఆపద అనే అర్థం స్థిరపడింది, ఏమరుపాటు అనే మూలార్థం వెనుకబడింది. కారణాన్ని చెప్పే మాటే ఫలితానికి పేరయింది. సినోదాల్ ప్రభువు కథ ఆ రెండు అర్థాల మధ్య దూరాన్ని కొద్ది గడియలలో దాటుతుంది. మందిరం దగ్గర జరిగినది మొదటి అర్థంలో ప్రమాదం, కనుమలో జరిగినది రెండవ అర్థంలో ప్రమాదం.

ఇంద్రియాలను గుర్రాలతోను, నిగ్రహాన్ని సారథ్యంతోను పోల్చడం ధమ్మపదంలోనూ ఉపనిషత్తులలోనూ ఉన్నదే. కాబట్టి రౌతు వివేకం, గుర్రం ఇంద్రియాలు, వివేకం చచ్చిపోతే ఇంద్రియాలు అదుపు తప్పుతాయి అని ఈ చిత్రానికి వ్యాఖ్యానం చెప్పడం సులభం. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లపై నడుస్తుంది’ అన్న తెలుగు సామెత ఆ వ్యాఖ్యానానికి అండగా నిలుస్తుంది కూడా.

అయినా చిత్రం ఈ వ్యాఖ్యానానికి లొంగదు. సామెతలోని గుర్రం యజమాని మెతకతనాన్ని కనిపెట్టి పని ఎగ్గొడుతుంది. ఈ గుర్రం యజమాని లేకపోయినా పని మానలేదు. అది అదుపు తప్పలేదు, దారీ తప్పలేదు. రౌతు తలచిన చోటికే, వధువు వాకిటికే తీసుకుపోతోంది. అతడు ప్రాణంతో ఉండగా ఏ కోరిక ఆ గుర్రాన్ని తరిమిందో, అతడు పోయాక కూడా అదే దిశ దానిని నడుపుతోంది. కోరినవాడు పోయినా కోరిక ఇచ్చిన వేగం తగ్గలేదు. బౌద్ధదృష్టితో ఈ చిత్రంలో ఆలోచించదగినది ఇంద్రియనిగ్రహ పాఠం కంటె ఇదే. కర్త లేకున్నా క్రియ సాగే తీరు సంస్కారాలను గూర్చి చదివినవారికి కొత్త కాదు. వ్రూబెల్‌కు ఆ సిద్ధాంతంతో పని లేదు. గుర్రానికీ రౌతుకూ ఒకే అల్లిక వేసినపుడు, కదులుతున్నది ఎవరు, కదిలింపబడుతున్నది ఎవరు అనే ప్రశ్న మాత్రం ఆయన చేతిలో రూపం దాల్చింది.

ఈ లక్షణం వల్లనే ఆయనను ప్రతీకవాదులలో లెక్కించారు. పారిస్‌లో మొరేఆస్ ప్రతీకవాద ప్రకటన 1886లో వెలువడింది. వ్రూబెల్ ఏ ప్రకటనపైనా సంతకం చేసినవాడు కాడు. రష్యన్ ప్రతీకవాద కవులు తరువాతి కాలంలో ఆయనను తమవాడిగా భావించారు. 1910లో ఆయన అంత్యక్రియల వేళ కవి అలెక్సాందర్ బ్లోక్ ప్రసంగించాడు. ప్రతీకకూ ఉపమానానికీ ఉన్న భేదం ఇక్కడ కీలకం. ఉపమానాన్ని విప్పితే అర్థం చేతికి వస్తుంది, వస్తువుతో ఇక పని ఉండదు. ప్రతీకలో వస్తువును వదిలితే అర్థమూ జారిపోతుంది. ఈ గుర్రాన్ని ‘ఇంద్రియాలు’ అని అనువదించిన క్షణంలో చిత్రం మన చేతినుండి తప్పిపోతుంది.

కంథకం

ఇప్పుడు రెండవ గుర్రం సంగతి చూద్దాం. నిదానకథలో కంథకం సిద్ధార్థునితో ఒకే దినాన పుట్టినది. శంఖంవలె తెల్లనిది, పద్దెనిమిది మూరల పొడవు. అభినిష్క్రమణ రాత్రి ఛన్నుడు దాని తోకను పట్టుకొని వెంట నడిచాడు. డెక్కల చప్పుడు నగరానికి వినబడకుండా దేవతలు వాటి కింద అరచేతులు పట్టారు. అశ్వఘోషుని బుద్ధచరితలో ఆ పని యక్షులది. గాంధార శిల్పాలలో డెక్కలను మోసే ఆకృతులు తరచుగా కనిపిస్తాయి.

రెండు కథలనూ పక్కన పెట్టి చూస్తే పోలికలు ఆశ్చర్యం కలిగిస్తాయి. రెండూ రాత్రి ప్రయాణాలే. ఒకడు భార్యనూ శిశువునూ విడిచి ఇంటినుండి వెళుతున్నాడు, మరొకడు వధువు ఇంటికి వస్తున్నాడు. రెండు దారులలోనూ ప్రలోభపెట్టేవాడు ఎదురయ్యాడు. నగరద్వారం వద్ద మారుడు నిలిచి, వెనుకకు మరలితే ఏడవనాటికి చక్రరత్నం ప్రత్యక్షమై చక్రవర్తిపదం లభిస్తుందని ఆశ చూపాడు. సిద్ధార్థుడు ఆ మాటను విని, గుర్తించి, తిరస్కరించాడు. కాకసస్ కనుమలో ప్రలోభం ఎదుట నిలవలేదు, ఊహగా మనసులో దూరింది. తనను ఎవరో ప్రలోభపెడుతున్నారని వరునికి తెలియనే లేదు. ఎదుట నిలిచిన మారుని కంటె, తన సొంత కోరికగా తోచే మారుడు ప్రమాదకరమని ఈ పోలిక తెలుపుతుంది.

ఇక చప్పుడు సంగతి. సిద్ధార్థుని ప్రయాణంలో గుర్రానిది మౌనం. రౌతు మాత్రం మేల్కొని, ఛన్నునితో మాట్లాడుతూ, మారునికి బదులిస్తూ ఉన్నాడు. లెర్మంతోవ్ కావ్యంలో గుర్రం బుసకొడుతుంది, డెక్కలు మోగుతాయి, మౌనం రౌతుది. చివర రెండు గుర్రాలూ కూలుతాయి. నిదానకథలో కంథకం అనోమానది ఒడ్డున యజమాని కనుమరుగు కాగానే గుండె పగిలి మరణించి, దేవలోకంలో పుడుతుంది. బుద్ధచరితలో అది ఛందకునితో కపిలవస్తుకు తిరిగివస్తుంది. యశోధర దానిని నిష్ఠురమాడుతుంది. అక్కడ ఒక స్త్రీ ఎదుట ఖాళీ జీనుతో గుర్రం నిలిచింది, రౌతు ఎక్కడో జీవించే ఉన్నాడు. ఇక్కడ ఒక స్త్రీ వాకిట నిండిన జీనుతో గుర్రం కూలింది, రౌతు లేడు.

సాంచి మహాస్తూపపు తూర్పు తోరణంలో, నడిమి దూలంపై ఈ ఘట్టం చెక్కబడి ఉంది. దక్షిణ తోరణంపై శాతకర్ణి రాజు శిల్పులకు పెద్ద అయిన ఆనందుని దానశాసనం ఉన్నందున, ఈ తోరణాల కాలాన్ని మన శాతవాహనులతో ముడిపెట్టి చర్చించడం పరిపాటి. దూలంపై ఒకే గుర్రాన్ని వరుసగా నాలుగుసార్లు చెక్కారు. ప్రతిసారీ జీను ఖాళీ, పైన ఛత్రం. కుడికొసన గుర్రం ఆగిన చోట పాదముద్రలు ఉన్నాయి, ఛత్రం వాటిపైకి మారింది. ఆ కిందుగా గుర్రం తిరిగివెళుతుంది. అప్పుడూ జీను ఖాళీయే, ఛత్రం లేదు. శిల్పి కౌశలమంతా ఈ ఒక్క మార్పులో ఉంది. వెళ్లేటప్పటి ఖాళీకీ తిరిగివచ్చేటప్పటి ఖాళీకీ జీనులో ఏ తేడా లేదు. అయినా మొదటి గుర్రాలపై ఒకరున్నారని, చివరి గుర్రంపై ఎవరూ లేరని సందేహం లేకుండా తెలుస్తుంది.

వేగాన్ని చూపే పద్ధతిలోనూ తేడా ఉంది. సాంచి శిల్పి గుర్రాన్ని మళ్లీ మళ్లీ చెక్కి ప్రయాణాన్ని కొలిచి చూపాడు. చూసేవాడి కన్ను ఒక గుర్రం నుండి మరొక గుర్రానికి నడిచి దూరాన్ని దాటుతుంది. ఆ నడకలో తొందర లేదు, గమ్యం ఉంది. వ్రూబెల్‌కు ఉన్నది ఒకే కాగితం, ఒకే క్షణం. అక్కడ తొందర ఉంది, గమ్యం కాగితం బయట ఉంది. అమరావతి శిల్పాలలో మహాభినిష్క్రమణం ఖాళీ జీనుతోను, సాకారుడైన సిద్ధార్థునితోను రెండు విధాలా కనిపిస్తుంది. ఆ స్తూపం పలకలు నేడు చెన్నై, లండన్ వంటి చోట్ల మ్యూజియం గోడలపై ఉన్నాయి. ప్రదక్షిణంగా నడిచేవారికోసం చెక్కిన గుర్రాన్ని నిలబడి చూస్తున్నాం. కావ్యం పుటతో కలిపి చదవడానికి వేసిన గుర్రమూ చిత్రశాల సేకరణలోకి వెళ్లింది. పరిసరం పోయినపుడు రెండింటిలోనూ మొదట నష్టపడేది కథాక్రమమే.

పోలిక హద్దులు

ఈ తులనను ఎంతవరకు నమ్మవచ్చునో కూడా చెప్పుకోవాలి. మొదటిది, ఖాళీ జీనుకు ఏకాభిప్రాయమైన వ్యాఖ్యానం లేదు. ఫూషే నాటినుండి పండితులు దానిని బుద్ధరూపానికి బదులుగా వాడిన ప్రతీకగా గ్రహించారు. సూసన్ హంటింగ్టన్ 1990 ప్రాంతపు రచనలలో దీనిని ప్రశ్నించి, ఇటువంటి అనేక శిల్పాలు బుద్ధుని జీవితఘట్టాలు కావని, పవిత్రస్థలాల సందర్శననూ ఉత్సవాలనూ చూపుతున్నాయని వాదించారు. ఆ వాదంపై చర్చ విస్తృతంగా సాగింది. సాంచి దూలం విషయంలో గుర్రం వెళ్లడం, ఛత్రం పాదముద్రలపైకి మారడం, గుర్రం ఛత్రం లేకుండా తిరిగిరావడం అన్న క్రమం కథాకథనాన్నే బలపరుస్తుందని నా అభిప్రాయం. అయితే ఇతర స్థలాల్లోని ప్రతి ఖాళీ జీనుకూ దీనిని యాంత్రికంగా అన్వయించరాదు.

రెండవది, ఖాళీ జీనును శూన్యతా సిద్ధాంతానికి బొమ్మగా చెప్పే అలవాటు. నాగార్జునుని వాదం ఈ తోరణాల తరువాతి కాలానిది. పైగా శూన్యత అంటే ఖాళీచోటు కాదు. మాధ్యమిక దృష్టిలో నిండిన జీను కూడా శూన్యమే. మాటల పోలికతో సిద్ధాంతాన్ని శిల్పంలోకి చొప్పించడం శిల్పానికీ సిద్ధాంతానికీ మేలు చేయదు.

మూడవది, రెండు కృతుల ఆశయాలు వేరు. సాంచి దూలం దాతల పుణ్యానికి, భక్తుల అనుస్మృతికి ఏర్పడింది. అక్కడ గుర్రం తిరిగివచ్చినా కథ ముందుకే సాగుతుంది, బోధి వరకు చేరుతుంది. వ్రూబెల్ చిత్రంలో విముక్తి లేదు, దాని సూచన కూడా లేదు. ఉన్నది ఒక నష్టం, ఆ నష్టాన్ని మోస్తున్న నమ్మకమైన జంతువు. ఆ చిత్రాన్ని అనిత్యతా బోధగా మార్చి మన పరంపరలో కలుపుకోవడం దానికి న్యాయం కాదు. అది బోధించదు, చూపుతుంది.

ఇన్ని హద్దులు పెట్టుకొన్నా తులన వ్యర్థం కాదు. వ్రూబెల్ చిత్రాన్ని కొంతసేపు చూసి సాంచి దూలం వైపు తిరిగితే, ఎప్పుడో తెలిసినదిగా దాటిపోయిన ఆ ఖాళీ జీను మళ్లీ ప్రశ్నగా నిలుస్తుంది. జీనులో ఆకృతి ఉన్నంత మాత్రాన రౌతు ఉన్నట్టు కాదని ఆ నల్లని చిత్రం చూపింది. ఆకృతి లేనంత మాత్రాన రౌతు లేనట్టు కాదని సాంచి శిల్పి అంతకు శతాబ్దాల ముందే చూపాడు. ఉనికిని తెలిపేది ఆకృతి కాకపోతే మరేది? సాంచిలో దానికి సమాధానం ఛత్రం, అది పట్టినవారి గౌరవం, గుర్రం వెళుతున్న దిశ. వ్రూబెల్ చిత్రంలో దిశ ఒక్కటే మిగిలింది.

శిల్పాలను వివరించేటపుడు ‘ఇక్కడ గుర్రం బుద్ధునికి ప్రతీక’ అని ఒక వాక్యంతో ముగించడం మన రచనలలోను, మ్యూజియం వివరణ ఫలకాలలోను సర్వసాధారణం. ఆ వాక్యం సరైనది కాదు. గుర్రం గుర్రమే, అది కంథకం. ఒకసారి దానిపై ఒకరున్నారు, మరోసారి లేరు. ఆ రెండు స్థితుల భేదాన్ని చూసేవారు కనుగొనేటట్లు వివరణను తిరిగి రాయడం, వెళ్లే గుర్రాన్నీ వచ్చే గుర్రాన్నీ వేరుగా చూపడం పరిశోధకులుగా మనం చేయగల చిన్నపని. ఆ రెండవ గుర్రం తలను ఒకసారి శ్రద్ధగా చూడవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.